మదనపల్లె అంగడి తాత, ఆయన గులాబీలు

రాయలసీమ అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది ఎండ, రాతినేల, వాన కోసం ఎదురుచూపు. అయితే ఆ సీమలోనే సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఒక ఊరు ఉన్నది. చలికాలం ఉదయాన అక్కడ మంచు కమ్ముతుంది. వేసవిలో సైతం పొద్దు వాలేసరికి కొండగాలి వీస్తుంది. అదే మదనపల్లె. 1911 వరకు కడప జిల్లాలో ఉండి, ఆ సంవత్సరమే ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చి, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా ఊరి గాలి మాత్రం మారలేదు.

రైలులో వెళ్లదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మదనపల్లె రోడ్డు అనే స్టేషను ఊరిలో లేదు, సి.టి.ఎం. అనే పల్లెలో ఉన్నది. అక్కడ దిగి పది కిలోమీటర్లకు పైగా మళ్లీ ప్రయాణం చేయాలి. అందువల్ల ఎక్కువమంది బస్సులోనే వస్తారు. బెంగళూరు నుంచి చింతామణి మీదుగా వచ్చే బస్సులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినబడతాయి. దారి పొడుగునా టమాటా తోటలు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పేరుగాంచినది. తెల్లవారకముందే బండ్లు వచ్చి చేరతాయి. ఒక పక్క నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాల చప్పుడు. ఇంకొక పక్క దూరాన హార్స్‌లీ కొండ. కడప కలెక్టరుగా ఉండిన హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నందున ఆ పేరు వచ్చింది. అంతకుముందు నుంచి స్థానికులకు అది ఏనుగు మల్లమ్మ కొండ.

ఈ ఊరికి ఇంకొక గౌరవం కూడా ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొద్ది రోజులు ఉన్నారు. మన జాతీయ గీతమైన జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చినది ఇక్కడే. ఆ కళాశాల ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీని స్వరాలుగా రాసిపెట్టింది కూడా ఇక్కడే.

ఇటువంటి సంగతులు చరిత్ర పుస్తకాలలో దొరుకుతాయి. ఏ పుస్తకంలోనూ లేని ఒక మనిషిని గురించి నేను ఈ నెల రాయదలచాను. ఆయన ఆ ఊరిలో చిన్న కిరాణా అంగడి పెట్టుకుని బ్రదికినవారు. ఎనభై ఏళ్లు దాటే వరకు గులాబీలు పెంచినవారు. ఆ వీధిలో పిల్లలు పెద్దలు అందరూ ఆయనను అంగడి తాత అనే పిలిచేవారు గనుక నేనూ ఆ పేరే వాడతాను. నేను ఆ ఊరి సంఘంలో సేవ చేసిన కొద్ది సంవత్సరాలు ఆయన మా సంఘ సభ్యుడు, నాకు పొరుగువాడు.

అంగడి

ఆ అంగడి పది అడుగుల గది. ముందు రెండు మెట్లు. లోపల బెల్లం దిమ్మెలు, చింతపండు గంప, ఉద్దిపప్పు, అలసందలు, బొరుగుల మూట, చెనక్కాయ నూనె డబ్బా. గల్లాపెట్టె మీద నల్ల అట్ట వేసిన అప్పు పుస్తకం. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు అణాలను పైసలలోకి మార్చి చెప్పమని ముసలమ్మలు ఆయన చుట్టూ మూగేవారట. తరువాత శేర్లు, వీశెలు పోయి కిలోలు వచ్చాయి. ఆ పాత రాళ్లను ఆయన పారేయలేదు. కొత్త తూకం మీద ఎవరికైనా అనుమానం వస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూపించేవారు.

ఆయన మాట కొంచెం కరుకు. చెప్పకుండా పువ్వు తెంచిన పిల్లవాడిని వీధి చివరి దాకా వినబడేటట్టు తిట్టేవారు. మరునాడు ఆ పిల్లవాడినే పిలిచి, కొమ్మను ఏ ఆకు పైన కత్తిరించాలో చూపించి, కత్తెర చేతికి ఇచ్చేవారు. కొసరు వేసే అలవాటు ఆయనకు లేదు. "తూకం సరిగ్గా ఉంటే కొసరు ఎందుకప్పా? కొసరు వేసేవాడు ముందు ఎక్కడో తీసినాడన్నమాట" అనేవారు.

అంగడి వెనుక ఇల్లు, ఇంటి వెనుక పెరడు. పెరటిలో వరుసలుగా గులాబీలు. నేను లెక్కపెట్టినప్పుడు తొంభై దాకా ఉన్నాయి. ఒక కిరాణా వ్యాపారికి ఇన్ని గులాబీలు ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ఊరి పొలిమేర దాటి ఆరోగ్యవరం దాకా వెళ్లి రావాలి.

ఆరోగ్యవరం

క్షయవ్యాధికి మందు లేని రోజులలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి మాత్రమే వైద్యం. మదనపల్లె గాలి పొడిగా, చల్లగా ఉంటుంది గనుక దక్షిణ దేశంలోని అనేక మిషన్లు కలిసి ఇక్కడ ఒక క్షయ ఆసుపత్రిని నెలకొల్పాయి. 1915లో తెరచిన ఆ ఆసుపత్రికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధికారి. క్షయ రాకుండా వేసే బి.సి.జి. టీకాను మన దేశంలో మొట్టమొదట 1948లో వేయనారంభించినది కూడా మదనపల్లెలోనే. ఇప్పుడు మన ఇంట పుట్టిన ప్రతి బిడ్డ చేతికి ఆ టీకా మచ్చ ఉంటుంది గదా, ఆ మచ్చ చరిత్ర ఈ ఊరి నుంచి మొదలైంది.

అంగడి తాత ఇరవై దాటిన వయసులో నెత్తురు దగ్గి ఆరోగ్యవరంలో చేరారు. అప్పటికి మందులు వచ్చాయి. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొన్నారు, ఐసోనయాజిడ్ 1952లో వాడకానికి వచ్చింది. అయినా రోగిని నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచేవారు. ఈయన పది నెలలు ఉన్నారు. మొదటి నాలుగు నెలలు మంచం మీద. తరువాత కొద్దికొద్దిగా నడవమన్నారు. నడిచి నడిచి తోటమాలి దగ్గర కూర్చునేవారు. ఆ తోటమాలి దగ్గరే గులాబీకి అంటు కట్టడం నేర్చుకున్నారు.

"ఆయన పేరు కూడా నేను సరిగ్గా అడగలేదు అయ్యగారూ. మాలీ, మాలీ అని పిలిచినాము. నా చేతికి పని ఇచ్చినవాడు ఆయనే. బతుకుతానో లేదో అని పడుకున్నవాడికి, మూడు వారాల తర్వాత చిగురు వస్తుందా రాదా అని చూసే పని దొరికింది. చిగురు కోసం ఆగినాను, బతికినాను" అని ఒకసారి నాతో చెప్పారు.

జబ్బు నయమై ఇంటికి వచ్చారు. తండ్రి అంగడి అప్పగించారు. అయితే కొనేవారు రాలేదు. క్షయ వచ్చినవాడు తూచిన పప్పు తింటే మనకూ వస్తుందని భయం. నిన్నటి దాకా బాబాయ్, మామా అని పిలిచినవారు ఎదుటి వైపు నుంచి నడిచి ఇంకొక అంగడికి పోయేవారు. పెండ్లి సంబంధం ఒకటి కుదిరి తప్పిపోయింది. సరుకు పురుగు పట్టింది. ఆరు నెలలు గల్లాపెట్టెలో చిల్లర తప్ప నోటు పడలేదని ఆయన చెప్పేవారు.

చదువరులారా, ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. క్షయ గాలి ద్వారా వచ్చేది. మందు వాడని రోగి దగ్గినప్పుడు వెలువడే క్రిముల వలన వచ్చేది. గిన్నె ముట్టుకుంటే, బట్ట తాకితే, తూచిన పప్పు తింటే రాదు. మందు సరిగా వాడుతున్న రోగి వలన ప్రమాదం కొద్ది వారాలలోనే చాలా మటుకు తగ్గిపోతుంది. ఈ సంగతి ఆనాడు జనానికి తెలియదు. తెలిసిన ఈనాడు కూడా మన పల్లెలలో కొందరు రోగిని వేరే గదిలో పెట్టి, కంచం వేరు చేసి, సంగతి దాచిపెడుతున్నారు.

నాలుగు డబ్బాలు

ఆరోగ్యవరం నుంచి తెచ్చుకున్న నాలుగు అంట్లను ఆయన ఖాళీ సీమనూనె డబ్బాలలో నాటి అంగడి మెట్ల మీద పెట్టారు. కొనేవారు లేరు గనుక తీరిక ఎక్కువ. చెనక్కాయ చెక్క నానబెట్టి పోశారు, దిబ్బ ఎరువు వేశారు. ఆ చలికాలం నాలుగూ పూశాయి. అంత పెద్ద గులాబీలను ఆ వీధి చూడలేదు.

ఒక పెండ్లివారింట పూలు చాలలేదు. పెండ్లికూతురి అవ్వ, ఊరిలో మంత్రసానిగా పేరున్న మనిషి, నేరుగా అంగడికి వచ్చి పూలు అడిగింది. ఆయన ఉన్నవన్నీ కోసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. పెండ్లి అయిన మరునాడు ఆమె సంచి పట్టుకుని వచ్చి, వీధి అంతా వినేటట్టు, "వీడు తెంచిన పువ్వు నా మనవరాలు తలలో పెట్టుకుంది. దానికేమీ కాలేదు. వీడు తూచిన కందిపప్పుకు ఏమొస్తుంది? రెండు శేర్లు తూచురా నాయనా" అన్నదట. అందరి బిడ్డలకు పురుడు పోసిన మనిషి మాటకు ఎదురు చెప్పేవారు లేరు. వారం రోజులలో ఒకరిద్దరు వచ్చారు. నెలలో సగం వీధి వచ్చింది.

అప్పటి నుంచి చనిపోయేవరకు ఆయన ఒక్క గులాబీని కూడా అమ్మలేదు. ఒక హోటలు యజమాని రోజుకు ఇన్ని పూలని బేరం చేయవచ్చాడు. ఆయన ఒప్పుకోలేదు. "ఈ పూలే నాకు అంగడి ఇచ్చినాయి. వాటిని తిరిగి అంగట్లో ఎట్లా పెడతాను?" అన్నారు. పూలు దర్గా ఉరుసుకు పోయేవి, గుడికి పోయేవి, ఈస్టరు తెల్లవారుజామున మా చర్చికి వచ్చేవి, సాయంత్రం బడి టీచరమ్మల తలలోకి పోయేవి.

అంటు కట్టే విధము

గులాబీని విత్తనం వేసి పెంచితే తల్లి మొక్క వంటిది రాదు. అందుకని అంటు కడతారు. తాత పద్ధతి ఇది. మన వాతావరణానికి తట్టుకునే ఎడ్వర్డ్ రోజా కొమ్మను ముందుగా నాటి వేరు పట్టనిస్తారు. అది పెన్సిలంత లావు అయ్యాక, నేలకు కొంచెం పైన బెరడు మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో బ్లేడుతో గాటు పెడతారు. కావలసిన రకం కొమ్మ నుంచి, ఆకు కాడ మొదట ఉండే కన్నును చిన్న బెరడు ముక్కతో సహా తీస్తారు. ఆకును తెంచి కాడను మాత్రం ఉంచుతారు. గాటు బెరడును మెల్లగా విప్పి, కన్నును లోపలికి జార్చి, కన్ను బయటికి కనబడేటట్టు ప్లాస్టిక్ పట్టీతో చుడతారు. రెండు మూడు వారాల తరువాత ఆ కాడను వేలితో తాకితే రాలిపోవాలి. రాలితే అంటు పట్టినట్టు. ఎండి పట్టుకునే ఉంటే కన్ను చచ్చినట్టు.

తాత మనుమరాలు ఒకసారి, "రాలితే బతికినట్టా తాతా?" అని ఆశ్చర్యపడింది. "ఔనమ్మా, బతికినది తనకు అక్కరలేనిదాన్ని వదిలేస్తుంది" అన్నారు ఆయన. నేను ఆ వారం ప్రసంగం కోసం వెదుకుతున్నాను గనుక ఆ మాట రాసుకున్నాను. ఆయన అది చూసి నవ్వి, "రాసుకోండి గాని అయ్యగారూ, పొడుగు చేయవద్దు. మంచి కొమ్మైనా పొడుగు పెరిగితే పువ్వు చిన్నదవుతుంది" అన్నారు. నా ప్రసంగాల నిడివి మీద ఆయనకు ఎప్పుడూ ఒక అభిప్రాయం ఉండేది.

అంటు కట్టిన మొక్కకు ఒక జాగ్రత్త ముఖ్యం. అంటుకు కింద, వేరు మొక్క నుంచి పుట్టుకొచ్చే కొమ్మలను వెంటనే తీసివేయాలి. లేకపోతే అవే బలం లాగేసుకుని పై మొక్కను చంపుతాయి. ప్రతి సంవత్సరం అక్టోబరులో వానల చివర ఆయన మొక్కలన్నిటినీ కత్తిరించేవారు. ఎండిన కొమ్మ, సన్న కొమ్మ, లోపలికి పెరిగే కొమ్మ తీసేసి, కోసిన చోట మందు పూసేవారు. లేదంటే కొమ్మ చివరి నుంచి ఎండుతూ దిగుతుంది. కత్తిరించిన ఆరేడు వారాలకు, అంటే క్రిస్మసు నెల నాటికి, తోట నిండా పూలు.

ఏటా ఆగస్టులోనో జనవరిలోనో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు ఆయన తప్పకుండా వెళ్లేవారు. ఉదయం బస్సులో వెళ్లి రాత్రి బస్సులో రెండు మూడు మొక్కలు ఒడిలో పెట్టుకుని వచ్చేవారు. క్వీన్ ఎలిజబెత్, సూపర్‌స్టార్, గ్లాడియేటర్ అట్లా వచ్చినవే. మన దేశపు రకాలంటే ఆయనకు మరీ అభిమానం. గోధుమకు తెగులు తట్టుకునే రకాలు తీసిన శాస్త్రవేత్త బి.పి.పాల్ గులాబీలలో కూడా అనేక కొత్త రకాలు సృష్టించారు. అందులో రోజ్ షర్బత్ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ గారు ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో గులాబీల సృష్టికి జీవితం అంకితం చేశారని విని, "కలెక్టరు ఉద్యోగం వదిలినాడంటే గులాబీ ఎంత పని చేస్తుందో చూడండి" అని అందరికీ చెప్పుకునేవారు.

ఒకనాడు నన్ను అడిగారు, "అయ్యగారూ, బైబిలులో గులాబీ యాడుంది?" ఇంగ్లీషు బైబిలులో పరమగీతములో షారోను రోజా అని ఉన్నదనీ, మన తెలుగు బైబిలులో పుష్పము అని మాత్రమే ఉన్నదనీ, అసలు హెబ్రీ మాటకు గులాబీ అనే అర్థం కాకపోవచ్చుననీ, అది గడ్డల నుంచి మొలిచే ఏదో పొలం పువ్వు అని పండితులు భావిస్తున్నారనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "తెలియనప్పుడు పువ్వు అని ఊరుకున్నారే, మనవాళ్లే తూకం సరిగ్గా వేసినారు" అన్నారు.

నీళ్లు లేని సంవత్సరాలు

నేను ఆ ఊరికి రాకముందు జరిగిన సంగతి ఇది. వీధిలో పదిమంది చెప్పగా విన్నాను. 2002 జూలైలో దేశమంతటా వాన సగానికి పడిపోయింది. మరుసటి ఏడు కూడా సీమకు కష్టంగానే గడిచింది. బాహుదా ఏరు ఇసుకపర్రగా మారింది. వీధి బోర్లు ఒక్కొక్కటి ఎండిపోయాయి. తాత పెరటి బోరులో మాత్రం కొంచెం నీరు మిగిలింది.

అప్పటికి ఆయన దగ్గర ఎనభై మొక్కలు. మొక్కకు రోజుకు అరబిందె లెక్కన నలభై బిందెలు. ఆయన వ్యాపారి గదా, లెక్క వేశారు. నలభై బిందెలంటే పది ఇళ్లకు నాలుగేసి బిందెలు. ఒక ఉదయం పెరటి తలుపు తీసి వీధి ఆడవాళ్లను పిలిచారు. మొక్కలకు నీళ్లు ఆపేశారు. భార్య ఏడ్చిందట. పాత్రలు కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు మోసి కొన్నిటినైనా నిలపాలని చూసింది. రెండో వేసవి దాటేసరికి పది పన్నెండు మొక్కలు మిగిలాయి. ఆరోగ్యవరం నుంచి తెచ్చిన నాలుగింటిలో ఒక్కటి కూడా మిగలలేదు.

వానలు తిరిగి వచ్చాక, నలభై ఏళ్లలో ఆయన ఎవరెవరికి అంట్లు ఇచ్చారో వారందరూ ఒక్కొక్కరుగా కొమ్మలు పట్టుకుని వచ్చారు. దర్గా దగ్గర పరుపులు కుట్టే సాయిబు ఇంటి నుంచి సూపర్‌స్టార్, ఆసుపత్రి నర్సమ్మ ఇంటి నుంచి క్వీన్ ఎలిజబెత్, నీరుగట్టువారిపల్లె నేతగాని ఇంటి నుంచి రోజ్ షర్బత్. ఆరోగ్యవరం మొక్కలలో మూడు రకాలు దొరికాయి. నాలుగవది, లేత పసుపు పువ్వు, ఎవరి దగ్గరా దొరకలేదు. దానిని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటే అన్నిటికంటే అది ఆయనకు ఇష్టం. "దాచుకున్నది పోయింది, ఇచ్చింది తిరిగి వచ్చింది" అని ఆ సంగతి ఆయనే చెప్పేవారు. చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆ పసుపు పువ్వు వాసన కూడా వర్ణించేవారు. అరవై ఏళ్లు ముక్కున నిలిచిన వాసన అది.

ఇందులో ప్రకృతి ధర్మం కూడా ఉన్నది. కన్ను కట్టి పెంచిన మొక్క తల్లి మొక్కకు పిల్ల కాదు, అదే మొక్క. పది పెరళ్లలో ఉన్నా ఒక్కటే ప్రాణం. ప్రపంచ ప్రసిద్ధి చెందిన పీస్ అనే గులాబీ కథ కూడా ఇటువంటిదే. ఫ్రాన్సు దేశంలో మెయాన్ కుటుంబం వారు దానిని సృష్టించి, 1939లో యుద్ధం ముంచుకు రాగా దాని కన్నులను వేరే దేశాలకు పంపారు. యుద్ధకాలంలో అమెరికాలో అది పెరిగి పెద్దదైంది. 1945 ఏప్రిల్ 29న అక్కడ దానికి శాంతి అనే పేరు పెట్టారు.

నోట్ల రద్దు

2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు నేను మదనపల్లెలోనే ఉన్నాను. టమాటా కూలీల చేతిలో పాత నోట్లే ఉన్నాయి. బ్యాంకుల ముందు బారులు. పెద్ద అంగళ్లు అప్పు ఇవ్వలేదు. తాత నల్ల పుస్తకం తెరచి, బియ్యం, పప్పు, నూనె మాత్రం రాసి ఇచ్చారు. చక్కెర, బీడీ, పాన్ మసాలా అప్పుకు ఇవ్వలేదు. "ఆకలికి అప్పు, ఆశకు రొక్కం" అని ఆయన సూత్రం.

సంక్రాంతి దాటాక, అందరూ తీర్చారా అని అడిగాను. "తీర్చినవాళ్లు గుర్తున్నారు అయ్యగారూ. తీర్చనివాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం కనబడే చూపు నాకు పోయింది" అన్నారు. కంటిలో శుక్లం నిజమే. అయినా ఆ సాయంత్రమే గులాబీ ఆకు వెనుక పేనుబంకను నాకంటే ముందు చూసినది ఆయనే.

కత్తిరించిన తోట

2018 అక్టోబరులో ఒక ఉదయం ఆయన ప్రభువునందు నిద్రించారు. అంతకు పది రోజుల ముందే, కుర్చీ వేయించుకుని కూర్చుని, మనుమరాలి చేత తోటంతా కత్తిరింపు చేయించారు. అందుచేత గులాబీల మనిషి చనిపోయిన రోజున ఆయన పెరటిలో ఒక్క పువ్వు లేదు. అన్నీ మోడులే. కొడుకు మార్కెట్టుకు పూలు తెమ్మని మనిషిని పంపబోయాడు.

ఆ అవసరం రాలేదు. పొద్దు ఎక్కేసరికి ఒక్కొక్క ఇంటి నుంచి పూలు వచ్చాయి. ఇంకా కత్తిరించని తోటల నుంచి, డబ్బాల నుంచి, మిద్దె మీది కుండీల నుంచి. పరుపులు కుట్టే సాయిబు కొడుకు తెచ్చాడు. నేతగాని కోడలు తెచ్చింది. ఆ మంత్రసాని వంశంలోని పిల్ల ఒకతె బడి యూనిఫారంలోనే వచ్చి ఒక పువ్వు పెట్టి వెళ్లింది. అవన్నీ ఆయన పెరటి పూలే, వేరే పెరళ్లలో పూసినవి. సమాధి దగ్గర నేను చదవవలసిన వాక్యం చదివి, ప్రార్థన చేసి, మాట్లాడవలసినది తక్కువగానే మాట్లాడాను. ఆయన కోరుకునేది అదే గదా.

పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడ్డారు. ఇల్లు అమ్మక తప్పలేదు. అమ్మేముందు వారు మంచి పని చేశారు. వీధివారందరినీ పిలిచి కావలసిన మొక్కలు, కన్నులు తీసుకోమన్నారు. ఇప్పుడు ఆ స్థలంలో మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల దుకాణం. బదిలీ అయ్యాక నేను రెండుసార్లు ఆ ఊరు వెళ్లాను. ఆ మేడ ముందు నిలబడితే ఏమీ కనబడదు. పక్క సందులోకి తిరిగితే గోడల మీదుగా ఆయన పూలు కనబడతాయి. ముప్పై ఇళ్లకు పైగా లెక్కపెట్టాను. వాటిలో కొన్ని ఇళ్లవారికి ఆయన ఎవరో కూడా తెలియదు. ఎవరో ఇచ్చిన కొమ్మ అంటారు.

మీరు ఎప్పుడైనా మదనపల్లె వెళితే కొండ చూడండి, కళాశాల చూడండి. వీలైతే ఆరోగ్యవరం కూడా చూడండి. 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన క్షయ రోగికి ఇంటి దగ్గరే మందు ఇచ్చినా ఆసుపత్రిలో ఇచ్చినంత గుణం వస్తుందని లోకానికి నిరూపించింది. ఆ తరువాత క్షయ ఆసుపత్రుల అవసరం క్రమంగా తగ్గింది. ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని జబ్బులకు వైద్యం చేస్తున్నది. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మందు చాలు, అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మీ వీధిలో ఎవరికైనా ఆ జబ్బు వచ్చి తగ్గి ఉంటే, ఆ ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగండి. ఆ అంగడిలో రెండు కిలోల కందిపప్పు కొనండి. ఒక మంత్రసాని చేసినది అంతే. దానివలన ఒక మనిషి అరవై ఏళ్లు నిలబడ్డాడు.

ఇక గులాబీ సంగతి. మీ పెరటిలో మంచి మొక్క ఉంటే ఈ చలికాలంలో నాలుగు కన్నులు నాలుగు ఇళ్లకు ఇవ్వండి. మీకు అన్నిటికంటే ఇష్టమైనది ఏదో, ముందు దానినే ఇవ్వండి.